ఓడ లేని అడ్మిరల్

మన సీఎస్ వాళ్లకి అడ్మిరల్ అంటే గ్రేస్ హాపర్ ఒక్కరే గుర్తొస్తారు. ఆమె గురించి చదువుతుంటే అదే అమెరికన్ నేవీలో ఇంకో పేరు తగిలింది నాకు: హైమన్ రికోవర్. అణుశక్తితో నడిచిన మొదటి సబ్‌మెరైన్ వెనక ఉన్న మనిషి. నన్ను పట్టుకున్నది మాత్రం సబ్‌మెరైన్ కాదు, ఆయన ప్రమోషన్ గొడవ.

1900లో, అప్పటికి రష్యా పాలనలో ఉన్న పోలండ్‌లో, యూదు కుటుంబంలో పుట్టారు. చిన్నప్పుడే అందరూ అమెరికా వచ్చేశారు. నాన్న టైలర్. షికాగోలో స్కూల్‌కి వెళ్తూనే ఇల్లిల్లూ తిరిగి టెలిగ్రాములు పంచేవారట. 1922లో నేవల్ అకాడమీ, తర్వాత కొలంబియాలో ఎలక్ట్రికల్ మాస్టర్స్.

1937లో చైనా తీరంలో ఫించ్ అనే పాత మైన్‌స్వీపర్‌కి కమాండ్ ఇచ్చారు. ఆయన నడిపిన మొదటి ఓడ అదే, చివరిదీ అదే. కొన్ని నెలలకే దాన్ని వదిలేసి ‘ఇంజనీరింగ్ డ్యూటీ ఓన్లీ’ లైన్‌లోకి మారిపోయారు. ఇది కాస్త వివరంగా చెప్పాలి. నేవీలో మామూలు ఆఫీసర్ అన్ని పనులూ కొంచెం కొంచెం నేర్చుకుంటూ, చివరికి ఓడకి కమాండర్ అవ్వాలని చూస్తాడు. ఇంజనీరింగ్ లైన్ వాళ్లు డిజైన్, రిపేర్, షిప్‌యార్డ్ పనుల్లో ఉండిపోవచ్చు, ఇష్టమైన సబ్జెక్ట్‌లో లోతుకి వెళ్లొచ్చు. బదులుగా ఓడ మీద కమాండ్ ఆశ వదులుకోవాలి. పైకి వెళ్లే కొద్దీ కుర్చీలు కూడా తక్కువే.

రెండో ప్రపంచ యుద్ధంలో ఓడల ఎలక్ట్రికల్ విభాగం చూశారు. దెబ్బతిన్న ఓడల్లోకి తానే దిగి, ఏ పరికరం ఎందుకు పాడైందో చూసేవారు. 1946లో ఓక్ రిడ్జ్ వెళ్లి అణుశక్తి నేర్చుకున్నారు, అప్పటికి వయసు 46. 1949కల్లా ఆయనకి రెండు కుర్చీలు: ఒకటి నేవీలో, ఇంకోటి సివిలియన్ సంస్థ అటామిక్ ఎనర్జీ కమిషన్‌లో. నేవీ అడ్డుపడితే కమిషన్ అధికారిగా మాట్లాడేవారు. ఒక ఆఫీసు నుంచి ఇంకో ఆఫీసుకి, అంటే తనకి తానే, ఉత్తరాలు రాసుకునేవారు! ఇది చదివి నేను చాలాసేపు నవ్వుకున్నా.

1952 జూన్‌లో ప్రెసిడెంట్ ట్రూమన్ వచ్చి నాటిలస్ సబ్‌మెరైన్ నిర్మాణం మొదలుపెట్టించారు. అదే ఏడాది ప్రమోషన్ బోర్డు రికోవర్‌ని పక్కన పెట్టింది. 1951లోనూ అదే జరిగింది. రెండుసార్లు తప్పిపోయిన కెప్టెన్ సర్వీస్ గడువు అవగానే ఇంటికి వెళ్లాలి, రూల్ అది. అంటే నాటిలస్ నీళ్లలోకి దిగకముందే దాని పెద్ద ఇంజనీర్ రిటైర్ అవ్వాలన్నమాట.

బోర్డుది మొత్తం అసూయే అంటే నేను ఒప్పుకోను. ఆయనతో పనిచేయడం నరకం. అరిచేవారు, సీనియర్లని లెక్కచేసేవారు కాదు. అయినా ఆ పని తెలిసిన ఇంకో మనిషి ఆ రోజు నేవీలో లేడు. చివరికి సెనేట్ కమిటీ మిగతా కెప్టెన్ల ప్రమోషన్లన్నీ ఆపేసి కూర్చుంది. నేవీ దిగొచ్చింది. 1953లో పెట్టిన బోర్డుకి, అణు ఇంజన్ల అనుభవం ఉన్న ఇంజనీరింగ్ ఆఫీసర్ ఒకర్ని ఎంచాలని ఆదేశం వెళ్లింది. అలాంటి వాడు ఎవరో అందరికీ తెలుసు. రియర్ అడ్మిరల్ అయ్యారు. 1955 జనవరి 17న నాటిలస్ అణుశక్తితో బయల్దేరింది.

తర్వాత ఆయన చేసిందే నాకు విచిత్రంగా అనిపిస్తుంది. తన లాంటి ఇంజనీర్లకి వేరే దారి ఇంకాస్త వెడల్పు చేయమని అడగొచ్చుగా? అలా చేయలేదు. అణు సబ్‌మెరైన్ కమాండర్ అవ్వాలంటే రియాక్టర్ చదువు చదవాల్సిందే అన్నారు. తన ప్రోగ్రామ్‌లోకి వచ్చే ప్రతి ఆఫీసర్‌నీ తానే ఇంటర్వ్యూ చేసేవారు, ముందు కాళ్లు కోసి పొట్టివి చేసిన కుర్చీలో కూర్చోబెట్టి. జారిపోకుండా కూర్చుని జవాబు చెప్పాలి (మన ప్లేస్‌మెంట్ ప్యానెల్స్ నయం). అలా దాటిన యువ ఆఫీసర్లలో జిమ్మీ కార్టర్ ఒకరు. ఓడ నడపలేని మనిషి, ఎవరు నడపాలో 30 ఏళ్లు తేల్చారు.

అంత కాలం ఒకరి చేతిలో అంత అధికారం మంచిది కాదనే నాకనిపిస్తుంది. ఓడలు కట్టే కంపెనీ నుంచి బహుమతులు తీసుకున్నందుకు 1985లో నేవీ ఆయనకి మందలింపు లేఖ ఇచ్చింది. అప్పటికే, 1982లో, బలవంతంగా రిటైర్ చేశారు. 1986లో చనిపోయారు.

ఆయన వెళ్లిన ఏడాదే ఆ పదవికి ఎనిమిదేళ్ల గడువు పెట్టారు, అందులో ఉండే ఆఫీసర్‌కి పూర్తి అడ్మిరల్ హోదా ఇచ్చారు. మొదట వచ్చిన కినెయిర్డ్ మెక్కీ ఇంజనీరింగ్ లైన్ మనిషి కాదు. డేస్ అనే అణు సబ్‌మెరైన్‌కి కమాండర్‌గా చేసి వచ్చినవారు.