అలన్ ట్యూరింగ్: వివరణకు చలనమిచ్చిన గణితవేత్త

యంత్రం ఏమి చేయవలెనో స్పష్టంగా వ్రాయడం ఒక పని. దానిని యంత్రం చేత చేయించడం మరొక పని. ఈ రెండింటి నడుమనున్న దూరంలోనే ప్రోగ్రాములలోని దోషాలెన్నో పుడుతున్నాయి. ఆ దూరాన్ని దాటే మార్గాన్ని తొలుత చూపినవారిలో అలన్ ట్యూరింగ్ అగ్రగణ్యుడు.

ఆయన 1912 జూన్ 23న లండన్‌లో జన్మించారు. తండ్రి నాటి మద్రాసు రాజధానిలో ఐ.సి.ఎస్. అధికారి, తల్లి మద్రాసు రైల్వే చీఫ్ ఇంజనీరు ఎడ్వర్డ్ స్టోనీ కుమార్తె. తలిదండ్రులు భారతదేశంలో ఉన్నందున ఆయన బాల్యం చాలవరకు ఇంగ్లండులో పరుల సంరక్షణలో గడిచింది. కేంబ్రిడ్జిలో గణితమభ్యసించి, 1935లో కింగ్స్ కళాశాల ఫెలోగా ఎన్నికయ్యారు.

1936లో ఆయన ఒక ఊహాయంత్రాన్ని ప్రతిపాదించారు. ఏ స్థితిలో ఏ గుర్తు కనబడితే ఏమి వ్రాయవలెనో, ఎటు జరగవలెనో, తరువాత ఏ స్థితికి పోవలెనో ఒక పట్టికలో ఉంటుంది. అటువంటి ఏ పట్టికనైనా టేపుపై చదివి, అందులో చెప్పినట్లే నడిచే సార్వత్రిక యంత్రాన్ని కూడా ఆయన నిర్మించి చూపారు. కాగితంపైని వివరణయే అక్కడ కార్యమైనది.

ప్రపంచయుద్ధకాలంలో బ్లెచ్లీ పార్కులో జర్మనుల ఎనిగ్మా సంకేతాలను ఛేదించుటలో ప్రముఖపాత్ర వహించారు. 1948లో మాంచెస్టరు విశ్వవిద్యాలయంలో చేరారు.

1949 జూన్‌లో కేంబ్రిడ్జి సమావేశంలో ఆయన చదివిన చిన్న వ్యాసం గమనింపదగినది. పెద్ద కూడికలో ప్రతి వరుస మొత్తాన్నీ, బదిలీ అంకెలనూ వ్రాసిపెడితే, తనిఖీదారు ఒక్కొక్క వరుసను విడిగా సరిచూడగలడు. అట్లే ప్రోగ్రాము రచయిత ఆయా ఘట్టాలలో ఏది సత్యమై ఉండవలెనో ప్రక్కనే వ్రాయవలెనన్నారు. గుణకారం లేకుండా కూడికలతోనే ఫాక్టోరియల్ లెక్కించే ప్రోగ్రాముపై దీనిని నిరూపించారు. క్రమంగా తగ్గుతూపోయే ఒక రాశిని చూపి, ప్రోగ్రాము తప్పక ముగుస్తుందనీ నిరూపించారు.

అయితే ఆ నిరూపణ కాగితంపైననే ఉండిపోయింది. మాంచెస్టరు యంత్రానికి 32 టెలిప్రింటర్ గుర్తులతో, చిన్న స్థానపు అంకె ఎడమకు వచ్చేటట్లు ఆదేశాలు వ్రాయవలసివచ్చేది. ఆ కష్టం ట్యూరింగ్‌కు పెద్దగా తోచలేదు. దానిని తేలికపరచే ఆటోకోడ్‌ను 1952లో అలిక్ గ్లెనీ, 1954లో టోనీ బ్రూకర్ అక్కడే రూపొందించారు. ఇక ప్రోగ్రామునూ, దాని నియమాలనూ ఒకే రచనలో చేర్చి, నడుస్తుండగానే పరీక్షించే సౌకర్యం 1980వ దశకంలో ఐఫెల్ వంటి భాషలతో వ్యాప్తిలోనికి వచ్చింది.

స్వలింగ సంబంధాన్ని నేరంగా పరిగణించిన నాటి చట్టం 1952లో ఆయనను దోషిగా నిర్ణయించి, బలవంతపు హార్మోను చికిత్సకు గురిచేసింది. 1954 జూన్ 7న, నలుబదియొకటవ యేట, సయనైడు విషంతో మరణించారు. 2013లో బ్రిటిష్ రాణి ఆయనకు మరణానంతర క్షమాపణ ప్రసాదించారు.

నేడు ప్రోగ్రాములు వ్రాయ నేర్చుకొనుచున్న విద్యార్థి సోదరసోదరీమణులు ఈ మహనీయుని నుండి గ్రహింపవలసినది ఒకటున్నది: మన ఉద్దేశమేమిటో ముందుగా వ్రాసి, ఇతరులు సరిచూచునట్లు మన పనిని వారి ముందుంచడం.