కురువిందమునకు పేరు నిలిపిన గ్రెవిల్

రాజులు పలువురు తాము జయించిన పట్టణములకు తమ పేర్లు పెట్టుకొనిరి. శాస్త్రజ్ఞులలోను క్రొత్త వస్తువులకు తమ మిత్రుల పేర్లు పెట్టినవారు పెక్కురు. దూరదేశపు పనివారు పిలుచుకొను పేరునే గౌరవించి లోకమునకు అందించినవారు అరుదు. అట్టివారిలో చార్లెస్ ఫ్రాన్సిస్ గ్రెవిల్ ఒకడు.

గ్రెవిల్ 1749వ సంవత్సరము మే 12వ తేదీన ఇంగ్లండులో వార్విక్ ప్రభువునకు రెండవ కుమారుడుగా జన్మించెను. ఆ దేశాచారము ననుసరించి తండ్రి సంపద జ్యేష్ఠునకే చెందెను. గ్రెవిల్ పార్లమెంటు సభ్యుడై, రాజాస్థానమున ఉద్యోగములు చేసెను గాని, అప్పుల బాధ అతనిని విడువలేదు. అయినను రాళ్లను సేకరించి పరీక్షించుటయందు అతనికిగల ఆసక్తి సన్నగిల్లలేదు.

ఆ కాలమున మద్రాసులో వైద్యుడుగా నున్న ఆండర్సన్, ఎడింబరో నగరమున రత్నములపై ముద్రలు చెక్కు విలియం బెర్రీ అను శిల్పికి ఒక పెట్టెడు స్ఫటికములను పంపెను. వజ్రము దక్క తక్కిన రత్నములన్నిటిని అచటి పనివారు దీనితోనే మెరుగుపెట్టుదురని తెలియజేసెను. ఆ రాయి కొంతకాలమునకు గ్రెవిల్ చేతికి వచ్చెను. చూచుటకు అందములేని రాయి! దానికింత కాఠిన్య మెట్లు కలిగెను? జర్మనీ రసాయనజ్ఞుడు క్లాప్రోత్ అంతటివాడు సైతము మొదట ఇట్టి రాతిలో క్రొత్త పదార్థమేదో ఉన్నదని తలంచి, మరల పరీక్షించి ఆ అభిప్రాయమును మార్చుకొనెను.

గ్రెవిల్ ఊహలతో తృప్తినొందలేదు. ఆ రాయి పుట్టిన చోటు తెలియనిదే దాని స్వభావము తెలియదని భావించి, మద్రాసు రాజధానిలోని వారి ద్వారా సమాచారము సేకరించెను. కావేరీ తీరమునకు చేరువనున్న పరమత్తి ప్రాంతమున గ్రామస్థులు దానిని త్రవ్వుచున్నారని తెలిసెను. ఈ విషయములన్నిటిని చేర్చి 1798లో లండను రాయల్ సొసైటీ ఎదుట ఒక వ్యాసము సమర్పించెను. అందు ఆ రాతికి కొరండము అను పేరునే వాడెను. అది తమిళుల కురుందము, తెలుగువారి కురువిందము.

ఆ పేరు అంతకు పూర్వమే ఒకమారు సముద్రము దాటియుండెను. 1728లో మరణించిన లండను వైద్యుడు జాన్ ఉడ్వర్డ్, తన రాళ్ల పట్టికలో నెల్ల, తెల్ల అను విశేషణములతో రెండు కురువిందములను పేర్కొనెను. వరిపొలములలో ఎలుకలు త్రవ్విపోసిన మట్టిలో ఒకటి దొరకుననియు, దానితో ఇనుమును మెరుగుపెట్టుదురనియు వ్రాసెను. ఆ విశేషణములు మన నల్ల, తెల్ల అను మాటలేయని తెలుగు చదువరికి తోచక మానదు.

ఫ్రెంచి విప్లవమున సర్వము కోల్పోయి వచ్చిన బూర్నాన్ ప్రభువు గ్రెవిల్ సేకరణను క్రమపరచెను. అతడు 1802లో కెంపు, నీలము, కురువిందము ఒకే జాతి ఖనిజములని నిరూపించెను. కిరీటమున వెలుగు కెంపును, సానపై అరిగిపోవు మోటురాయియు తోబుట్టువులే! రెండును అల్యూమినియము, ఆక్సిజనుల కలయికచే ఏర్పడిన అల్యూమినియం ఆక్సైడే. లేశమాత్రము క్రోమియము చేరిన ఎరుపును, ఇనుము, టైటానియములు చేరిన నీలమును కలుగును. కాఠిన్యమున వజ్రము 10 అయిన, ఇది 9, పలుగురాయి 7.

మహబూబ్‌నగరు గుట్టల గ్రానైటులోను అల్యూమినియము కలదు. కాని అచట సిలికా సమృద్ధిగా నుండుటచే అది సిలికాతో కూడి వేరు ఖనిజముగా మారినది. సిలికా కొరతగా నున్న శిలలలోనే కురువిందము ఏర్పడును. తెలంగాణమున ఖమ్మము ప్రాంతమున అది లభించును.

పూర్వము మన పనివారు కురువిందపు పొడిని లక్కతో కలిపి సానచక్రములు చేయుచుండిరి. నేటి గరుకుకాగితములకును, యంత్రపు సానలకును ఆ పదార్థమే ఆధారము. 1902లో వెర్నాయ్ అను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు కృత్రిమముగా కెంపులు చేయు పద్ధతిని ప్రకటించెను. అట్టివి గడియారములలో ఇరుసులు అరగకుండ కాపాడినవి. 1960లో తొలి లేజరు కిరణము వెలువడినదియు కృత్రిమపు కెంపునుండియే. బాక్సైటునుండి తీసిన అల్యూమినియం ఆక్సైడే అల్యూమినియము లోహమునకు మూలము.

గ్రెవిల్ 1809వ సంవత్సరము ఏప్రిల్ 23వ తేదీన మరణించెను. మరుసటి యేడు అతని ఖనిజములను బ్రిటిష్ మ్యూజియము కొరకు ప్రభుత్వము కొనెను. అతడు మొక్కలయందును ప్రీతిగలవాడై, 1804లో లండనున ఉద్యానసంఘమును స్థాపించినవారిలో ఒకడయ్యెను. కావున గ్రెవిలియా అను వృక్షజాతికి అతని పేరు వచ్చినది. సిల్వర్ ఓక్ ఆ జాతి చెట్టే. అరకు కాఫీతోటలకు అది నీడనిచ్చుచున్నది. ఆ మన్యపు కొండలలోనే బాక్సైటు నిక్షేపములును కలవు.

తమ పేర్లు ఎచటను వ్రాసికొనని సానపనివారి మాట ఒకటి నేడు ప్రపంచమందలి ఖనిజశాస్త్ర గ్రంథములన్నిటను నిలిచియున్నది. దానిని మార్చక నిలుపుటయే గ్రెవిల్ చేసిన మేలు.