కబురు ముందు విలేఖరికే తెలిసింది

కొడుకు యుద్ధంలో ఉన్నప్పుడు, నందికొట్కూరులోనైనా న్యూయార్కులోనైనా, వాకిట్లో అడుగుల చప్పుడైతే చాలు తల్లి గుండె దడదడలాడుతుంది. అమెరికా మాజీ అధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్ట్ ఇంటి వాకిలికి 1918 జూలై 16న వచ్చినవాడు పత్రికా విలేఖరి.

ఆయన కడగొట్టు కొడుకు క్వెంటిన్. 1897లో పుట్టాడు, వైట్‌హౌస్‌లో పెరిగాడు. అన్నకు జబ్బు చేస్తే ఓదార్చడానికి పొట్టి గుర్రాన్ని లిఫ్టులో పైకెక్కించాడని ఇప్పటికీ చెప్పుకుంటారు. చూపు తక్కువైనా వైమానిక దళంలో చేరాడు. జూలై 14న ఫ్రాన్సులోని షామెరీ దగ్గర శత్రువులు అతని విమానాన్ని కూల్చారు. అప్పటికి 20 ఏళ్ళు.

విలేఖరి తెచ్చింది సగం కొట్టేసిన తంతి. రూజ్‌వెల్ట్ ఇంటిని కనిపెట్టి ఉండమన్నదే అందులోని మాట. నలుగురు కొడుకులూ సైన్యంలోనే ఉన్నా, ఏ కొడుకో తండ్రికి తెలిసిపోయింది. ఆ రాత్రి భార్య ఈడిత్‌కు చెప్పలేదు, ఎప్పటిలాగే కబుర్లాడాడు. మర్నాడు విలేఖరి మళ్ళీ వచ్చాక, తానే లోపలికెళ్ళి ఆమెకు చెప్పి, బయటికొచ్చి పత్రికలకు క్లుప్తంగా ప్రకటన ఇచ్చాడు. ఆ విలేఖరి అచ్చుకు పరుగెత్తక ముందు తలుపు తట్టాడు, అది మాకు గొప్పగా తోస్తుంది.

జర్మన్లు క్వెంటిన్‌ను సైనిక మర్యాదలతో పాతిపెట్టారు. కాని అతని శవం ఫొటో పోస్టుకార్డులై తిరిగింది. ఆరు నెలలు తిరక్కుండానే, 1919 జనవరి 6న, తండ్రీ కన్నుమూశాడు. 1955లో క్వెంటిన్‌ను నార్మండీకి తరలించి, 1944లో అక్కడ మరణించిన అన్న టెడ్ పక్కన ఉంచారు.