సర్ప పరిశోధకుడు పాట్రిక్ రసెల్

సిద్దిపేట ప్రాంతంలో తొలకరి కురిసిన తరువాత చెలకలలోను, వరిమళ్ళ గట్ల మీదను పనిచేసే రైతుకు అన్ని పాముల కంటె రక్తపింజర భయం ఎక్కువ. అది నాగుపాములాగా పడగ విప్పి నిలబడదు. జెర్రిపోతులాగా మనిషి అలికిడికి పరుగెత్తిపోదు. ఎండుటాకుల రంగులో కలిసిపోయి, చుట్ట చుట్టుకొని పడి ఉంటుంది. బుస వినిపించేసరికే కాలు దాని దగ్గరకు చేరి ఉంటుంది. ఈ పామును ప్రపంచంలోని శాస్త్రగ్రంథాలన్నీ రసెల్ పింజర అని పేర్కొంటున్నాయి. ఒక పాముకు పేరుగా మిగిలిపోయిన ఆ రసెల్ ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ కాలంలో విశాఖపట్నంలో నివసించిన వైద్యుడు. మన దేశపు పాములలో విషం గలవి ఏవి, లేనివి ఏవి అన్న ప్రశ్నకు శాస్త్రీయమైన సమాధానం వెదకిన తొలి పరిశోధకుడు ఆయనే.

పాట్రిక్ రసెల్ 1726లో స్కాట్లండులోని ఎడిన్‌బరోలో జన్మించాడు. తండ్రి న్యాయవాది. కుటుంబంలో పలువురు విద్యావంతులు. రసెల్ వైద్యవిద్య అభ్యసించి, నేటి సిరియాలోని అలెప్పో నగరానికి వెళ్ళాడు. అక్కడి ఇంగ్లీషు వర్తకులకు ఆయన సవతి అన్న అలెగ్జాండర్ రసెల్ వైద్యుడుగా ఉండేవాడు. 1753లో అన్న స్వదేశానికి మరలిపోగా, ఆ పదవి తమ్ముడికి దక్కింది. 1760లో అలెప్పోలో ప్లేగు వ్యాపించి, రెండేళ్ళకు పైగా నగరాన్ని పీడించింది. ఐరోపా వర్తకులు తలుపులు బిగించుకొని ఇండ్లలోనే ఉండిపోయారు. రసెల్ మాత్రం కిటికీ దగ్గర నిలబడి, కింద వీథిలోకి వచ్చిన రోగుల లక్షణాలు అడిగి తెలుసుకొని మందులు చెప్పేవాడు. ఎవరికి ఏ రోజున జ్వరం వచ్చింది, గడ్డ ఎక్కడ లేచింది, ఎన్నవ రోజున ఏమైంది అన్న వివరాలన్నీ వ్రాసి పెట్టుకున్నాడు. ఆ వ్రాతల ఫలితమే 1791లో వెలువడిన ఆయన ప్లేగు గ్రంథం. మనిషి ప్రాణం తీసేదానిని ముందు లెక్కగా చూడాలి, ఆ తరువాతనే మందు మాట ఎత్తాలి అన్న అలవాటు ఆయనకు అక్కడే పట్టుబడిందని చెప్పవచ్చు. ఆ అలవాటే విశాఖలో అక్కరకు వచ్చింది.

అలెప్పో నుంచి లండను చేరిన రసెల్ 1777లో రాయల్ సొసైటీ సభ్యుడయ్యాడు. అప్పటికే నడివయసు దాటింది. కుదురుగా వైద్యం చేసుకుంటూ కాలం గడపవలసిన దశ అది. కాని ఆయన తమ్ముడు క్లాడ్ రసెల్‌కు కంపెనీ కొలువులో విశాఖపట్నం బాధ్యత లభించింది. తమ్ముడి ఆరోగ్యం కనిపెట్టి చూడడానికని పాట్రిక్ కూడా 1781లో ఆయన వెంట బయలుదేరాడు. అప్పటికి పాట్రిక్ వయస్సు 55 సంవత్సరాలు.

ఆ కాలంలో గంజాం నుంచి గుంటూరు వరకు గల తీరప్రాంతాన్ని ఉత్తర సర్కారులు అనేవారు. కంపెనీ అక్కడి మొక్కలను, జంతువులను పరిశీలించడానికి ఒక ప్రకృతి శాస్త్రజ్ఞుణ్ణి నియమించి ఉంచింది. ఆయన లిన్నేయస్ శిష్యుడైన జోహాన్ గెర్హార్డ్ కోనిగ్. కోనిగ్ 1785లో కాకినాడ సమీపాన గల జగన్నాథపురంలో మరణించాడు. ఖాళీ అయిన ఆ స్థానంలో కంపెనీ రసెల్‌ను నియమించింది. మొక్కల సంగతి ఆయన పట్టించుకోకపోలేదు. సర్కారుల మొక్కలలో ప్రజలకు ఉపయోగపడే వాటిని బొమ్మలతో గ్రంథంగా వెలువరించాలని మద్రాసు ప్రభుత్వానికి సూచించినవాడు ఆయనే. ఆ పనిని సామర్లకోటలో ఉన్న విలియం రాక్స్‌బర్గ్ చేసి చూపించాడు. రాక్స్‌బర్గ్ కోరమాండల్ మొక్కల గ్రంథపు మొదటి సంపుటం 1795లో వెలువడినప్పుడు దానికి పీఠిక వ్రాసినవాడు రసెల్. అయినా ఆయన మనస్సు నిలిచింది మాత్రం పాముల మీదనే.

దానికి కారణం వైద్యమే. ఏటా వానాకాలంలో పాముకాటు మరణాల వార్తలు ఆయన చెవిన పడుతూ ఉండేవి. కాటుకు విరుగుడుగా చెప్పే మందులకు కొదువ లేదు. ఒకరు వేరు అనేవారు, ఒకరు రాయి అనేవారు. తంజావూరు మాత్ర అనే మందుకు గొప్ప ప్రఖ్యాతి ఉండేది. అన్ని మందులకూ బ్రతికి బయటపడినవారి సాక్ష్యం ఉన్నది! ఇక్కడే చిక్కు. మన పాములలో ఎక్కువ భాగం విషం లేనివి. అటువంటి పాము కరిస్తే ఏ మందూ వేయకపోయినా మనిషి బ్రతుకుతాడు. మందు వేస్తే ఆ కీర్తి మందుకు దక్కుతుంది. కరిచిన పాము ఏదో తెలియనంత కాలం ఏ మందు పనిచేస్తున్నదో, ఏది పనిచేయడం లేదో తేల్చడం సాధ్యం కాదు. కనుక మందు కంటె ముందు పామును గుర్తించాలి.

ఆనాటి శాస్త్రం ఈ పనికి చాలినంత సాయం చేయలేదు. స్వీడను శాస్త్రజ్ఞుడు లిన్నేయస్ పాములను ప్రధానంగా పొట్ట కింది అడ్డపలకలను, తోక కింది పలకలను లెక్కపెట్టి వేరుచేశాడు. ఆ లెక్క ఒక జాతిని మరొక జాతి నుంచి విడదీయడానికి కొంత పనికివస్తుంది కాని, విషం ఉన్నదీ లేనిదీ చెప్పదు. రసెల్ ప్రతి పాముకూ ఆ పలకల లెక్క వ్రాశాడు. పొడవు, లావు, రంగు, తల ఆకారం వ్రాశాడు. అంతటితో ఆగక నోరు తెరిచి కోరలు ఉన్నవో లేవో చూశాడు. విషకోరలు కనిపించిన పాముల చేత కోళ్ళను, కుక్కలను కరిపించి, ఎంతసేపటికి ఏ లక్షణం కనిపించిందో నమోదు చేశాడు. నేటి దృష్టితో చూస్తే అవి క్రూరమైన ప్రయోగాలే. విషం తీవ్రతను కొలవడానికి ఆ రోజులలో మరొక మార్గం తోచలేదు. తంజావూరు మాత్రను కూడా ఆయన అదే విధంగా పరీక్షకు పెట్టాడు.

ఒక్క మనిషి ఒక్క ఊళ్ళో కూర్చుండి ఇంత పెద్ద తీరప్రాంతపు పాములను సేకరించలేడు. అందువలన రసెల్ ఒక ఉపాయం ఆలోచించాడు. వివిధ ప్రదేశాలలో ఉన్న కంపెనీ వైద్యులు, ఉద్యోగులు తమకు దొరికిన పాములను స్థానికమైన పేరుతో సహా పంపేటట్లు ప్రభుత్వం ద్వారా కోరవలెనని 1780ల నడుమ మద్రాసు అధికారులకు వ్రాశాడు. ఏ పాము ఎక్కడ దొరికిందో ఆ విధంగా కాగితం మీదికి ఎక్కింది. ఒక ప్రాంతంలోని జీవజాతులను గుర్తించి, వాటి ఉనికిని నమోదు చేసే పద్ధతికి మన దేశంలో తొలి ప్రయత్నాలలో ఇది ఒకటి.

పాములను పట్టి తెచ్చినవారు ఊరి జనం, పాములవాళ్ళు. వారు చెప్పిన పేర్లనే రసెల్ ఇంగ్లీషు అక్షరాలలో వ్రాసుకున్నాడు. ఆయన గ్రంథం తెరిస్తే లండనులో అచ్చయిన బొమ్మల కింద తెలుగు పేర్లు పలకరిస్తాయి. జెర్రిపోతు ఉన్నది. పసిరిక పాము ఉన్నది. బోడ్రు పాము, చింతనాగు ఉన్నవి. కొండచిలువకు వారు చెప్పిన పేరు పెద్ద పొడ. రక్తపింజరకు చెప్పిన పేరు కాటుక రేకుల పొడ. పొడ అంటే మచ్చ. ఆ పాము వీపు మీద కాటుక అంచు దిద్దిన రేకుల వంటి మచ్చలు వరుసగా ఉంటాయి. ఇంత చక్కని వర్ణన ఏ లాటిను పేరులోనూ లేదు. పై రెండు పేర్లలోనూ పొడ అన్న మాట ఉండడం గమనింపదగినది. కొండచిలువ పిల్లకూ, రక్తపింజరకూ మచ్చలలో పోలిక ఉంటుంది. ఒకటి విషం లేనిది, మరొకటి ప్రాణాంతకం. చూచినవారు పొరపడి ఒకదానిని మరొకటిగా భావించడం నేటికీ జరుగుతున్నది. రసెల్ చేసిన పనికి ఎంత విలువ ఉన్నదో ఈ ఒక్క ఉదాహరణ చాలు. కాటుక రేకుల పొడ విషంలో త్రాచు విషానికి దీటైనదని ప్రయోగ పూర్వకంగా ఆయన తెలిపేవరకు ఐరోపా శాస్త్రజ్ఞులకు ఆ సంగతి తెలియదు.

రసెల్ 1789లో ఇంగ్లండుకు తిరిగి వెళ్ళాడు. ఆయన పదవి రాక్స్‌బర్గ్‌కు సంక్రమించింది. కోరమాండల్ తీరంలో సేకరించిన భారతీయ సర్పాల గ్రంథం 1796లో కంపెనీ ఖర్చుతో లండనులో అచ్చయింది. పెద్ద పుటలు, రంగులు దిద్దిన 40కి పైగా చిత్రపటాలు, విషప్రయోగాల వివరాలు అందులో ఉన్నాయి. రెండవ సంపుటం 1801 నుంచి భాగాలుగా వెలువడింది. మధ్యలో 1803లో, విశాఖపట్నంలో సేకరించిన రెండువందల చేపల వర్ణనలతో, చిత్రాలతో మరొక గ్రంథం ప్రచురించాడు. జాలరులు చెప్పిన తెలుగు పేర్లు అందులోనూ ఉన్నాయి. రసెల్ వివాహం చేసుకోలేదు. 1805 జూలై 2న లండనులో మరణించాడు. సర్పగ్రంథపు చివరి భాగాలు ఆ తరువాత అచ్చయ్యాయి.

ఆయన విషసర్పాలుగా తేల్చిన వాటిలో త్రాచు, కట్లపాము, రక్తపింజర ముఖ్యమైనవి. హొరట్ట పాము అని ఆయన వ్రాసుకున్న చిన్న పింజర నాలుగవది. మన దేశంలో పాముకాటు మరణాలలో అధిక భాగానికి కారణమైనవి ఈ నాలుగే. విరుగుడు సీరం 1890లలో గాని పుట్టలేదు. నేడు మన ఆసుపత్రులలో ఇచ్చే సీరం ఈ నాలుగు పాముల విషాలకు కలిపి తయారుచేసినది. రసెల్ కాలంలో లేని ఆ మందు నేడు ఉన్నా మరణాలు ఆగలేదు. 2000 నుంచి 2019 వరకు మన దేశంలో సుమారు 12 లక్షల మంది, అంటే సగటున ఏటా 58 వేల మంది, పాముకాటుతో చనిపోయారని పరిశోధకులు 2020లో అంచనా కట్టారు. తెలంగాణతో కూడిన నాటి ఆంధ్రప్రదేశ్ ఆ మరణాలు ఎక్కువగా ఉన్న రాష్ట్రాలలో ఒకటి. మరణించినవారిలో అత్యధికులు పల్లెటూళ్ళవారు. ఎక్కువ మరణాలు వానాకాలంలోనే సంభవించాయి. రక్తపింజర విషం మరొక విధంగానూ ఆసుపత్రిలో ప్రవేశించింది. అది రక్తాన్ని గడ్డ కట్టిస్తుంది. ఆ గుణాన్ని ఆధారం చేసుకొని 1930లలో హీమోఫిలియా రోగుల గాయాల నుంచి స్రవించే రక్తాన్ని ఆపడానికి దానిని వాడారు. నేటికీ రక్తం గడ్డకట్టే తీరును పరీక్షించే ప్రయోగశాలలలో దానిని ఉపయోగిస్తున్నారు.

ఇంత శ్రమపడిన రసెల్ ఒక్క పాముకైనా శాస్త్రీయ నామం పెట్టలేదు. లిన్నేయస్ ఏర్పరచిన రెండు పదాల లాటిను పేర్ల పద్ధతిని ఆయన తన సర్పాల విషయంలో పాటించలేదు. స్థానిక నామంతోనే సరిపెట్టుకున్నాడు. శాస్త్రనియమం ప్రకారం జాతికి లాటిను పేరు పెట్టినవారికే ఆ కీర్తి దక్కుతుంది. అందువలన రసెల్ చిత్రాలను, వర్ణనలను ముందుంచుకొని ఇతరులు పేర్లు పెట్టారు. కాటుక రేకుల పొడకు ఇంగ్లండులో జార్జ్ షా 1797లో రసెల్ పేరునే జోడించాడు. కట్లపాముకు జర్మనీలో ష్నైడర్ 1801లో పేరు పెట్టాడు. పాములను పట్టి తెచ్చి, వాటి పేర్లు చెప్పినవారి పేర్లు మాత్రం ఏ పుటలోనూ కనబడవు. వారు పలికిన ఒక మాట మాత్రం నిలిచింది. మన్సూరుకోట నుంచి రసెల్‌కు ఒక పాము వచ్చింది. ఒళ్ళంతా పసుపు, నలుపు పట్టెలు గల ఆ పామును అక్కడివారు బంగారు పాము అన్నారు. రసెల్ ఆ మాటనే తన గ్రంథంలో వ్రాశాడు. ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు దోదెన్ 1803లో ఆ పామునూ, దాని బంధువులైన కట్లపాములనూ కలిపి ఒక ప్రజాతిగా ఏర్పరచి, ఆ తెలుగు మాట ఆధారంగానే దానికి బంగారస్ అని నామకరణం చేశాడు. పాకిస్తాన్ నుంచి ఇండోనేషియా దాకా గల కట్లపాములన్నిటినీ నేటికీ శాస్త్రజ్ఞులు ఆ పేరుతోనే వ్యవహరిస్తున్నారు.