వలదనెడి రైతు

ఐరోపా ఖండమున ఉత్తరపు కొసను నార్వే దేశము కలదు. కొండలకును, సముద్రపు పాయలకును నడుమ అచ్చట దున్నుటకు వీలైన నేల మిక్కిలి కొద్ది. 1814వ సంవత్సరము మే 17వ తేదీన ఆ దేశ ప్రతినిధులు తమకొక రాజ్యాంగమును ఏర్పరచుకొనిరి. దానికి ఆరు వారములకు ముందు, ఏప్రిల్ 1వ తేదీన, దక్షిణ తీరమునందలి మాండాల్ పట్టణమునకు చేరువనున్న హోలుం అను పల్లెలో సోరెన్ యోబెక్ జన్మించెను.

ఆ యేడే నార్వే, స్వీడను దేశములు ఒక్క రాజు ఏలుబడిలోనికి వచ్చెను. స్టోర్టింగ్ అను శాసనసభ కలదు. భూమిగల రైతులకు వోటు కూడ కలదు. అయినను చాలకాలము రైతులు తమ వోట్లను న్యాయాధికారులకు, మతాచార్యులకు వేసి ఊరకుండిరి. పన్ను కట్టువారొకరు, దానిని వ్యయపెట్టువారు వేరొకరు!

యోబెక్ స్వయంకృషిచే విద్య నార్జించెను. పల్లెలో ఉపాధ్యాయుడై పిల్లలకు చదువు చెప్పెను, సేద్యము చేసెను. 1837వ సంవత్సరపు చట్టము స్థానిక పరిపాలనను ఊరివారి చేతికిచ్చినప్పుడు అతడు తన గ్రామమునకు అధ్యక్షుడుగా పనిచేసి, ప్రతి కాసు లెక్కయు చూచుట నేర్చెను. 1845లో, ముప్పది యొకటవ యేట, స్టోర్టింగున అడుగు పెట్టెను.

అచ్చటను అతడు ఊరి లెక్కలు చూచిన కన్నులతోనే దేశపు లెక్కలు చూచెను. ఒక స్పెసిడాలరునకు 120 స్కిల్లింగులు. ఆ స్కిల్లింగులలో ప్రతి యొక్కటియు ఏదో యొక రైతు చెమట అని అతని నమ్మిక. అధికారుల జీతములు పెంచుదుమన్నను, ఉద్యోగము విడిచినవారికి పింఛను లిత్తుమన్నను అతడు వలదనుచుండెను. అతని పేరులోని మొదటి యక్షరము నార్వే భాషలో అవునను మాటను స్ఫురింపజేయును. గిట్టనివారు దానిని తీసి, కాదను అర్థముగల మాటను చేర్చి, అతనిని నైబెక్ అని యెగతాళి చేసిరి. నిజము చెప్పవలెనన్న, అతడు కాదన్నవానిలో దేశమునకు మేలు చేయదగినవియు కొన్ని లేకపోలేదు. గొడ్డలి పట్టినవాడు కలుపుమొక్కతోపాటు పండ్లచెట్టును నరకుట కద్దు.

కాని సభలో ఒక్కడు కాదన్నంత మాత్రమున ఖర్చు ఆగదు. ఈ సంగతి గ్రహించి, 1865లో అతడు రైతుమిత్ర సంఘములను స్థాపించెను. జనపత్రిక యను అర్థమిచ్చు పేరుతో ఒక పత్రికను నడపెను. సభలో ఏమి జరుగుచున్నదో రైతు తన యింట కూర్చుండి చదువుకొనసాగెను. అధికారులకును, మతాచార్యులకును ఇది కంటగింపయ్యెను.

పట్టణవాసియు, న్యాయవాదియు నగు యోహాన్ స్వేర్‌డ్రుప్ అతనితో చేయి కలిపెను. మూడేండ్ల కొకమారు కూడు సభ ఏటేట కూడవలెనని 1869లో తీర్మానమయ్యెను. మంత్రులు సభకు వచ్చి సమాధానము చెప్పవలెనని సభ 1874, 1877, 1880 సంవత్సరములలో మూడుమార్లు నిర్ణయించినను రాజు ఆమోదింపలేదు. ఈసారి వలదన్నది రాజు. పట్టు విడువనిది సభ! తుదకు మంత్రులపై విచారణ జరిగి ప్రధాని సెల్మెర్ దోషిగా తేలెను. 1884లో స్వేర్‌డ్రుప్ ప్రధాని యయ్యెను. సభ విశ్వాసము లేని మంత్రివర్గము నిలువజాలదను సంప్రదాయమునకు అదియే నాంది. ఆ యేడు రాజ్యాంగమునకును, యోబెక్‌నకును డెబ్బది యేండ్లు నిండెను.

నలుబది యైదేండ్లు ప్రతినిధిగా నుండి 1890లో అతడు సభను విడిచెను. 1894 జనవరి 7వ తేదీన కన్నుమూసెను.