కర్రకు ఆయుష్షు పోసిన సొంటి కామేశం

దూలానికి చెద పట్టిందంటే ఆ ఇంటి యజమానికి కంటి మీద కునుకుండదు. టేకు కొనగలవారు కొద్దిమందే. చవకగా దొరికే మెత్తని కర్ర నాలుగు వానలకే పుచ్చిపోతుంది. అలాంటి కర్రను ఏళ్ల తరబడి నిలబెట్టే మందును కనిపెట్టింది తెలుగువాడైన సొంటి కామేశం అన్న సంగతి మన పల్లెల్లో చాలామందికి తెలియదు.

కామేశం ఇంజనీరు. డెహ్రాడూన్‌లోని అటవీ పరిశోధనా సంస్థలో కలపను చెడకుండా కాపాడే పనిలో ఉండేవారు. ఆ రోజుల్లో రైలు పట్టాల కింది స్లీపర్లకు, తంతి స్తంభాలకు కర్ర విపరీతంగా కావలసి వచ్చేది. హిమాలయాల్లో సరళ దేవదారు వంటి మెత్తని కర్ర దొరికేది గాని, మందు పట్టించనిదే మన్నేది కాదు. మైలుతుత్తం, పాషాణం చెదను, బూజును చంపుతాయి. చిక్కల్లా వానకు ఆ మందు కడుక్కుపోవడమే.

జర్మనీకి చెందిన శిలీంధ్ర శాస్త్రజ్ఞుడు రిచర్డ్ ఫాల్క్‌తో కలిసి కామేశం పాషాణానికి బైక్రోమేట్ చేర్చి ఒక మందు తయారుచేశారు. ఇద్దరి పేర్లూ కలిసి వచ్చేలా దానికి ఫాల్కామేశం అని పేరు పెట్టారు. 1933లో కామేశం మైలుతుత్తాన్ని కూడా జోడించారు. కర్రలోకి దిగిన బైక్రోమేట్ మార్పు చెంది, తక్కిన రెండు మందులనూ నీట కరగకుండా అక్కడే బిగించి ఉంచుతుంది. పాషాణానికీ రాగికీ రసాయన శాస్త్రంలో ఉన్న సంకేతాక్షరాలను కలిపి దీనికి ఆస్కూ అని పేరు పెట్టారు.

1938లో దీనికి అమెరికా పేటెంటు లభించింది. అక్కడి బెల్ టెలిఫోన్ సంస్థ తన స్తంభాలకు ఈ మందు వాడింది. తర్వాత సి.సి.ఎ. అనే పేరుతో ప్రపంచమంతా వ్యాపించింది. స్తంభం ఎక్కువ కాలం నిలిస్తే అడవిలో అంతమేరకు చెట్టు మిగిలినట్లే గదా!

అయితే పాషాణం పాషాణమే. 2003 చివరితో అమెరికాలో ఇళ్లకు వాడే కలపకు ఈ మందు పట్టించడం తయారీదారులు మానుకున్నారు. పాషాణం బదులు బోరాన్ చేర్చిన మందులు వచ్చాయి. వెలిగారం, బోరిక్ ఆమ్లం కలిపిన నీటిని మన దేశంలో వెదురుకు, రబ్బరు కర్రకు పట్టిస్తున్నారు. దీనివల్ల మనుషులకు ప్రమాదం తక్కువ. కాని వానకు కడుక్కుపోతుంది కనుక కప్పు కింద ఉండే కర్రకే పనికివస్తుంది. కామేశం విడదీసిన చిక్కుముడి ఇక్కడ మళ్లీ ఎదురవుతుంది.

గ్రామస్తులు ఒక్క విషయం గుర్తుంచుకోవాలి. ఆస్కూ పట్టించిన పాత స్తంభాల ముక్కలను పొయ్యిలో పెట్టరాదు. ఆ పొగలోనూ, బూడిదలోనూ పాషాణం ఉంటుంది. ఆ బూడిదను గిన్నెలు తోమడానికి గాని, చేలో చల్లడానికి గాని వాడకూడదు.