బడిపిల్లలచేత దేశపటం గీయించిన ప్రొఫెసరు

జుగ్రాఫియా పాఠం అంటే మా విద్యార్థులకు ఆవలింతలు వస్తాయి. రాజధానుల పేర్లు, నదుల పేర్లు కంఠస్థం చేయడమే కదా అనుకుంటారు. అటువంటివారి కోసమే లండను ప్రొఫెసరు సర్ డడ్లీ స్టాంప్ గారి జీవితాన్ని ఇక్కడ క్లుప్తంగా తెలియజేస్తున్నాము.

స్టాంప్ గారు 1898లో లండనులో జన్మించారు. చిన్నతనంలో అనారోగ్యం వల్ల బడిచదువు సరిగా సాగలేదు. అయినా పట్టుదలతో కింగ్స్ కాలేజీలో చేరి భూగర్భ శాస్త్రం చదివారు. తరువాత బర్మాలో నూనె నిక్షేపాల అన్వేషణలో పనిచేసి, 1923లో రంగూను యూనివర్సిటీలో ప్రొఫెసరయ్యారు. ఆనాడు బర్మా బ్రిటిష్ ఇండియాలో భాగమే. 1926లో లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌లో ఆర్థిక భూగోళ శాస్త్రానికి రీడరుగా వెళ్ళారు.

అప్పటికి ఇంగ్లండులో పట్టణాలు పెరిగి, మంచి పొలాలు ఇళ్ళ కింద పోతున్నాయి. ఏ భూమిలో ఏముందో చెప్పే లెక్క మాత్రం లేదు. 1930లో స్టాంప్ గారు భూవినియోగ సర్వే ప్రారంభించారు. సర్కారు సిబ్బంది లేరు, డబ్బు అంతంతమాత్రం. మరి ఎవరిని నమ్ముకున్నారు? బడి పంతుళ్ళను, బడిపిల్లలను! మైలుకు ఆరు అంగుళాల చొప్పున గీసిన పటాలు చేతికిచ్చి పొలాల మీదికి పంపారు. ఇది సాగుభూమి, ఇది పచ్చిక, ఇది అడవి, ఇది తోట అని పిల్లలు కళ్ళారా చూసి గుర్తులు వేశారు. అలా సుమారు 22,000 పటాలు తయారయ్యాయి. పాల్గొన్న పిల్లలు రెండున్నర లక్షల దాకా ఉంటారని అంచనా.

ఇది పిల్లలాట అని నవ్వినవారు ఉంటే ఉండవచ్చు. కాని 1939లో యుద్ధం వచ్చింది. సగానికి పైగా తిండి ఓడల మీద తెప్పించుకునే ఆ దేశానికి సముద్రంలోనే ప్రమాదం ఎదురైంది. ఏ పచ్చిక దున్ని ధాన్యం పండించాలో నిర్ణయించడానికి ఆ పటాలే అక్కరకొచ్చాయి. మంచి సాగుభూమిని కాపాడాలని 1942లో నివేదిక ఇచ్చిన స్కాట్ కమిటీకి స్టాంప్ గారే ఉపాధ్యక్షులు. 1945లో ప్రొఫెసరయ్యారు. 1948లో సర్వే ఫలితాలను పెద్ద గ్రంథంగా వెలువరించారు. 1952 నుండి 1956 వరకు అంతర్జాతీయ భూగోళ సంఘానికి అధ్యక్షులుగా ఉన్నారు. 1965లో సర్ బిరుదు వచ్చింది. మరుసటి ఏడే మెక్సికో నగరంలో, సమావేశాలకు వెళ్ళినచోటే కన్నుమూశారు.

ఆయన విద్య మన దేశానికీ చేరింది. అలీగఢ్ ముస్లిం యూనివర్సిటీకి చెందిన మహమ్మద్ షఫీ గారు లండనులో ఆయన వద్ద పరిశోధన చేసి, తూర్పు ఉత్తరప్రదేశ్ భూవినియోగంపై 1960లో గ్రంథం ప్రచురించారు.

మేము ఇరవై ఏళ్ళుగా గోడకు పటం తగిలించి, కర్రతో చూపించి పాఠం చెబుతున్నాము. స్టాంప్ గారి కథ చదివాక మాకే సిగ్గు వేసింది. మన ఊరి చెరువు కింద ఎన్ని మళ్ళు సాగులో ఉన్నాయో, ఎన్ని ప్లాట్లయ్యాయో మన పిల్లలకు తెలుసా? తల్లిదండ్రులారా, ఒక ఆదివారం కాగితం, పెన్సిలు ఇచ్చి వారిని తీసుకెళ్ళండి. మేమూ వెంట వస్తాము.